నొప్పి మందులు, రక్తంలోని మాంసకృత్తులు: ఏది కారణం? ఏది ఫలితం?

1. ఉపోద్ఘాతం

రక్తంలో ఎర్రకణాలు, తెల్లకణాలు, ఫలకికలు ఉంటాయని కిందటి పాఠంలో చదివారు. ఈ కణాలన్నీ తేలియాడే పసుపుపచ్చని ద్రవమే ప్లాస్మా. ప్లాస్మాలో ఎక్కువ భాగం నీరే. ఆ నీటిలో ఉండే పదార్థాలలో ముఖ్యమైనవి మాంసకృత్తులు. వీటినే ప్రోటీన్లు అని కూడా అంటాం.

మార్ఫిన్, ట్రమడాల్ వంటి బలమైన నొప్పి మందులను కొన్ని నెలలుగా వాడుతున్న మనిషి ఒకరున్నారనుకోండి. రక్తపరీక్ష చేయిస్తే మాంసకృత్తులు ఉండవలసిన దానికన్నా ఎక్కువగానో, తక్కువగానో ఉన్నాయని తేలింది. ఇంట్లోవాళ్ళకు వెంటనే ఒక అనుమానం వస్తుంది: "ఈ మందే ఇలా చేసిందా?" ఆ అనుమానంతో కొందరు మందును ఒక్కసారిగా మానేస్తారు. మరికొందరు "మందు వేడి చేసింది, అంతే" అని సరిపెట్టుకుని రిపోర్టును పక్కన పెడతారు. రెండూ ప్రమాదమే. ఎందుకు ప్రమాదమో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు

• రక్తంలోని ముఖ్యమైన మాంసకృత్తులను, వాటి పనులను చెప్పగలుగుతారు.
• నల్లమందు జాతి నొప్పి మందులను గుర్తించగలుగుతారు.
• ఈ మందులకూ, మాంసకృత్తుల మార్పులకూ మధ్య ఉండగల సంబంధాలను వివరించగలుగుతారు.
• రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని ఉదాహరణతో చూపగలుగుతారు.

2. రక్తంలోని మాంసకృత్తులు

రక్తం గడ్డకట్టిన తరువాత విడిపోయే తేట ద్రవాన్ని సీరం అంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ప్రతి 100 మిల్లీలీటర్ల సీరంలో సుమారు 6 నుంచి 8 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ప్రయోగశాలను బట్టి ఈ అంకెలు కొద్దిగా మారవచ్చు. ఈ మాంసకృత్తులు రెండు పెద్ద వర్గాలు.

(అ) ఆల్బుమిన్: ఇది 3.5 నుంచి 5 గ్రాముల దాకా ఉంటుంది. దీనిని కాలేయం తయారుచేస్తుంది. రక్తనాళాలలో నీటిని నిలిపి ఉంచటం, కొన్ని మందులను మోసుకుపోవటం దీని పనులు. ఆల్బుమిన్ బాగా తగ్గితే నీరు రక్తనాళాలలో నిలవక చుట్టూ ఉన్న కణజాలంలోకి చేరుతుంది. అప్పుడు పాదాలు వాస్తాయి. ఒకసారి తయారైన ఆల్బుమిన్‌లో సగం ఖర్చు కావటానికి సుమారు 20 రోజులు పడుతుంది. కాబట్టి కాలేయం నిన్న దెబ్బతింటే ఇవాళ్టి పరీక్షలో ఆల్బుమిన్ తగ్గి కనిపించదు.

(ఆ) గ్లోబ్యులిన్లు: ఇవి సుమారు 2 నుంచి 3.5 గ్రాములు ఉంటాయి. వీటిలో కొన్నింటిని కాలేయం తయారుచేస్తుంది. మిగిలినవి ఇమ్యునోగ్లోబ్యులిన్లు. రోగక్రిములతో పోరాడే ప్రతిరక్షకాలు ఇవే. ఎముకల మూలుగలోను, ఇతరచోట్లా ఉండే ప్లాస్మాకణాలు వీటిని తయారుచేస్తాయి. ఐజిజి, ఐజిఎ, ఐజిఎం అనేవి వీటిలో ముఖ్యమైన రకాలు.

మొత్తం మాంసకృత్తుల నుంచి ఆల్బుమిన్‌ను తీసివేస్తే గ్లోబ్యులిన్ల అంకె వస్తుంది. మొత్తం 7 గ్రాములు, ఆల్బుమిన్ 4 గ్రాములు అయితే గ్లోబ్యులిన్లు 3 గ్రాములు. ఈ చిన్న లెక్కను గుర్తుంచుకోండి. ముందు ముందు అవసరం వస్తుంది.

గ్లోబ్యులిన్లు పెరిగాయని తెలిస్తే చాలదు, ఎలా పెరిగాయో కూడా తెలియాలి. దీనికి ఎలక్ట్రోఫోరెసిస్ అనే పరీక్ష ఉంది. మాంసకృత్తులను విద్యుత్ క్షేత్రంలో ఉంచితే ఒక్కొక్కటి ఒక్కొక్క వేగంతో కదిలి వేరు వేరు పట్టీలుగా విడిపోతాయి. స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్నే టిసేలియస్ 1937లో ఈ పద్ధతిని మెరుగుపరచి సీరంలోని మాంసకృత్తులను విడదీశాడు. ఈ కృషికి 1948లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఈ పరీక్షలో వచ్చే గీత రెండు రకాలుగా పెరిగి కనిపించవచ్చు.

మొదటిది, ధాన్యపు రాశిలా వెడల్పుగా లేచిన గీత. శరీరంలోని అనేక రకాల ప్లాస్మాకణాలు ఒకేసారి పనిచేసి, అనేక రకాల ప్రతిరక్షకాలను తయారుచేస్తున్నాయని దీని అర్థం. దీర్ఘకాలిక అంటువ్యాధులలో, కాలేయ వ్యాధులలో ఇలా జరుగుతుంది.

రెండోది, ధ్వజస్తంభంలా సన్నగా, నిటారుగా లేచిన గీత. ఒకే కణం నుంచి పుట్టిన కణాల గుంపు ఒకే రకం మాంసకృత్తును అదేపనిగా తయారుచేస్తున్నదని దీని అర్థం. ఈ మాంసకృత్తును ఎం-ప్రోటీన్ అంటారు.

గమనిక: సీరంలో మాంసకృత్తులు పెరిగాయని చెప్పగానే కొందరు పప్పు, గుడ్లు మానేస్తారు. ఇది పొరపాటు. మనం తిన్న మాంసకృత్తులు జీర్ణకోశంలో అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. పప్పు ఎక్కువ తిన్నందువల్ల సీరంలోని గ్లోబ్యులిన్లు పెరగవు.

పాఠంలోని ప్రశ్నలు – 1

(1) ఆల్బుమిన్‌ను తయారుచేసే అవయవం ఏది?
(2) మొత్తం మాంసకృత్తులు 8.6 గ్రాములు, ఆల్బుమిన్ 3.2 గ్రాములు. గ్లోబ్యులిన్లు ఎన్ని గ్రాములు?

3. నల్లమందు జాతి నొప్పి మందులు

మసాలాలో వేసే గసగసాలు మీకు తెలుసు. ఆ మొక్క పచ్చికాయకు గాటు పెడితే పాలు కారుతాయి. ఆ పాలు ఎండితే నల్లమందు అవుతుంది. మన దేశంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలలో ప్రభుత్వ లైసెన్సుతో దీనిని పండిస్తారు. జర్మనీకి చెందిన ఫ్రెడ్రిక్ సెర్టూర్నర్ 19వ శతాబ్దం తొలి సంవత్సరాలలో నల్లమందు నుంచి మార్ఫిన్‌ను వేరుచేశాడు. కోడీన్ కూడా నల్లమందులో ఉండేదే. హెరాయిన్‌ను మార్ఫిన్ నుంచి తయారుచేస్తారు. ట్రమడాల్, ఫెంటనిల్, మెథడోన్ వంటివి ప్రయోగశాలలో తయారైనవి. పనిచేసే తీరును బట్టి వీటన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు.

ఈ మందులు మెదడులోను, వెన్నుపాములోను ఉన్న ప్రత్యేక గ్రాహకాలకు అతుక్కుని నొప్పి తెలియకుండా చేస్తాయి. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇవి నొప్పిని తగ్గిస్తాయే గాని, నొప్పికి మూలమైన జబ్బును తగ్గించవు. మలబద్ధకం, మగత, వికారం వీటివల్ల సాధారణంగా వచ్చే ఇబ్బందులు. మోతాదు మించితే శ్వాస మందగించి ప్రాణాపాయం కలుగుతుంది.

ఇలాంటి మందులపై మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం అమలులో ఉంది. రోగులకు మార్ఫిన్ వంటి అత్యవసరమైన మందులు అందటం సులువు కావాలని ఈ చట్టాన్ని 2014లో సవరించారు. 2018లో ట్రమడాల్‌ను కూడా ఈ చట్టం పరిధిలోకి తెచ్చారు.

4. సంబంధం ఎన్ని విధాలుగా ఉండవచ్చు?

మందు, మాంసకృత్తుల మార్పు ఒకే మనిషిలో కనిపించినప్పుడు ఐదు అవకాశాలను ఆలోచించాలి. ఒక్కొక్కటే చూద్దాం.

4.1 మందు వల్లనే మార్పు రావటం

ఇలా జరిగే సందర్భాలు కొన్ని ఉన్నాయి. రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌ను మోసే ఒక గ్లోబ్యులిన్ ఉంది. హెరాయిన్ వాడేవారిలోను, మెథడోన్ చికిత్స పొందేవారిలోను ఇది పెరిగి ఉండటాన్ని పరిశోధకులు గమనించారు. దీనివల్ల మొత్తం థైరాయిడ్ హార్మోన్ అంకె ఎక్కువగా కనిపిస్తుంది. కాని దేనికీ అతుక్కోకుండా స్వేచ్ఛగా ఉన్న హార్మోన్‌ను కొలిస్తే అది మామూలుగానే ఉండవచ్చు. అంటే గ్రంథి బాగానే ఉన్నా రిపోర్టు తేడాగా వస్తుంది.

మందు పడక వాంతులు ఎక్కువైతే శరీరంలో నీరు తగ్గుతుంది. నీరు తగ్గితే అదే మోతాదు మాంసకృత్తులు చిక్కగా కనిపిస్తాయి. కాచిన పాలు చిక్కబడినట్లే ఇది. నీరు సరిపడా అందగానే అంకె సర్దుకుంటుంది.

కోడీన్, ట్రమడాల్‌లను పారాసెటమాల్‌తో కలిపి ఒకే మాత్రగా కూడా అమ్ముతారు. మోతాదు మించి వాడితే అందులోని పారాసెటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

అయితే డాక్టరు చెప్పిన మోతాదులో నోటిద్వారా తీసుకునే మార్ఫిన్, ట్రమడాల్‌ల వల్ల ఎం-ప్రోటీన్ పుడుతుందని రుజువు కాలేదు. పైగా జంతువులపై చేసిన ప్రయోగాలలో మార్ఫిన్ రోగనిరోధక కణాల పనిని మందగింపజేస్తున్నట్లు కనిపించింది. కాబట్టి ధ్వజస్తంభం లాంటి గీతకు నొప్పి మాత్ర కారణమని అనుకోవటానికి ఆధారం లేదు.

4.2 మందుతోపాటు మూడో కారణం ఉండటం

1960, 1970 దశాబ్దాలలో అమెరికాలో హెరాయిన్‌ను సూదితో ఎక్కించుకునేవారి రక్తాన్ని పరీక్షించారు. చాలామందిలో గ్లోబ్యులిన్లు, ముఖ్యంగా ఐజిఎం, పెరిగి ఉన్నాయి. కొందరికి సిఫిలిస్ లేకపోయినా ఆ జబ్బు ఉన్నట్లు పరీక్షలో వచ్చింది. పైపైన చూస్తే హెరాయిన్‌కూ, మాంసకృత్తులకూ నేరుగా సంబంధం ఉన్నట్లే అనిపిస్తుంది.

కాని సూదితోపాటు రక్తంలోకి వెళుతున్నది హెరాయిన్ ఒక్కటే కాదు. అందులో కల్తీ చేసిన పొడులు, మురికి నీటిలోని బాక్టీరియా, ఒకరి సూదిని ఒకరు వాడినందువల్ల వచ్చే వైరస్‌లు కూడా వెళుతున్నాయి. శరీరం వీటన్నిటి మీద ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. హెపటైటిస్-సి వైరస్‌ను గుర్తించింది 1989లో. అంతకుముందు పరిశోధించినవారికి ఆ వైరస్ కోసం పరీక్షించే వీలే లేదు. ఈ వైరస్ గ్లోబ్యులిన్లను పెంచుతుంది. హెచ్.ఐ.వి. కూడా అంతే. అందువల్ల ఆనాడు మందుకు అంటగట్టగలిగిన మార్పులో ఎంత భాగం ఈ క్రిములదో ఆలోచించాలి.

మన దేశంలోనూ ఇందుకు పోలిక ఉంది. మయన్మార్ సరిహద్దున ఉన్న మణిపూర్‌లో 1980 దశాబ్దంలో హెరాయిన్‌ను సూదితో ఎక్కించుకోవటం వ్యాపించింది. 1990 నాటికి అక్కడ ఈ అలవాటు ఉన్నవారిలో హెచ్.ఐ.వి. బయటపడింది. ఇలాంటి వ్యక్తి రక్తంలో గ్లోబ్యులిన్లు పెరిగితే "హెరాయిన్ వల్ల" అని సరిపెట్టుకోకూడదు. హెచ్.ఐ.వి., హెపటైటిస్ పరీక్షలు చేయించాలి. ఎందుకంటే వాటికి ఈనాడు చికిత్స ఉంది.

సూదులు గుచ్చుకున్నచోట చర్మం మీద ఏళ్ళ తరబడి పుండ్లు మానకుండా ఉంటే మరో చిక్కు వస్తుంది. ఎడతెగని వాపు కారణంగా కాలేయం ఒక ప్రత్యేకమైన మాంసకృత్తును ఎక్కువగా తయారుచేస్తుంది. అది మూత్రపిండాలలో పేరుకుని వాటి వడపోతను పాడుచేస్తుంది. అప్పుడు ఆల్బుమిన్ మూత్రంలో పోతుంది. రక్తంలో తగ్గుతుంది. ఈ జబ్బును అమిలాయిడోసిస్ అంటారు.

4.3 జబ్బు ముందు, మందు తరువాత

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసిన అవకాశం ఇది.

ఎముకల మూలుగలోని ప్లాస్మాకణాలకు వచ్చే క్యాన్సర్‌ను మల్టిపుల్ మైలోమా అంటారు. ఎక్కువగా వయసు మళ్ళినవారిలో వస్తుంది. ఈ కణాలు ఎం-ప్రోటీన్‌ను తయారుచేస్తాయి. ఎముకలను గుల్ల చేస్తాయి. అందువల్ల నడుములో, పక్కటెముకలలో నొప్పి పుడుతుంది. జబ్బు బయటపడే నాటికి సగానికి పైగా రోగులలో ఎముకల నొప్పి ఉంటుంది. ఆ నొప్పికి మందు మొదలవుతుంది. తరువాత ఎప్పుడో రక్తపరీక్షలో మాంసకృత్తులు పెరిగినట్లు తెలుస్తుంది. చూసేవారికి "ముందు మందు, తరువాత మాంసకృత్తులు" అనిపిస్తుంది. నిజానికి మాంసకృత్తులు ముందే పెరిగి ఉన్నాయి. పరీక్ష చేయించటమే ఆలస్యమైంది.

ఒక ఉదాహరణ ఊహించండి. 60 ఏళ్ళ రైతుకు ఎనిమిది నెలలుగా నడుము నొప్పి. బరువులు మోసినందువల్ల అనుకున్నాడు. ఐదు నెలలుగా ట్రమడాల్ వాడుతున్నాడు. ఇప్పుడు నీరసం, మలబద్ధకం, మగత ఉన్నాయి. దాహం ఎక్కువైంది. రక్తపరీక్షలో మొత్తం మాంసకృత్తులు 9.8 గ్రాములు, ఆల్బుమిన్ 3.1 గ్రాములు, హీమోగ్లోబిన్ 8 గ్రాములు.

ముందు లెక్క వేయండి. గ్లోబ్యులిన్లు 6.7 గ్రాములు. ఉండవలసిన దానికి దాదాపు రెండింతలు. శరీరంలో నీరు తగ్గటమే కారణమైతే ఆల్బుమిన్ కూడా పెరిగి ఉండాలి. ఇక్కడ అది తగ్గింది. కాబట్టి ఇది ఉత్త చిక్కబడటం కాదు.

ఇప్పుడు మలబద్ధకం, మగతల సంగతి. ఈ రెండూ ట్రమడాల్ వల్ల రావచ్చు. కాని మైలోమాలో ఎముకలు కరిగి కాల్షియం రక్తంలో చేరినప్పుడు కూడా ఇవే వస్తాయి. దాహం, నీరసం కూడా అందులో భాగమే. మందు పేరు చెప్పి ఈ లక్షణాలను వదిలేస్తే, కాల్షియం పెరుగుతూ పోయి మూత్రపిండాలు దెబ్బతింటాయి. అసలు జబ్బుకు చికిత్స ఆలస్యమవుతుంది. ఇలాంటి రోగికి ఎలక్ట్రోఫోరెసిస్, కాల్షియం, క్రియాటినిన్ పరీక్షలు, ఎముకల ఎక్స్‌రే లేదా స్కానింగ్ అవసరం. జబ్బు నిర్ధారణకు మూలుగ పరీక్ష చేస్తారు.

ట్రమడాల్ మీద అనుమానంతో ఇతడు దానిని మానేసి, దుకాణంలో డైక్లోఫెనాక్ వంటి మాత్రలు కొనుక్కుంటే మరింత నష్టం. మైలోమా ఉన్నవారి మూత్రపిండాలకు ఆ మాత్రలు హాని చేస్తాయి.

4.4 మాంసకృత్తుల మార్పు మందు మీద పనిచేయటం

సంబంధం అటునుంచి ఇటు కూడా ఉండవచ్చు. రక్తంలో మందు కొంత భాగం మాంసకృత్తులకు అతుక్కుని, మిగిలింది విడిగా తిరుగుతుంది. విడిగా ఉన్న భాగమే పనిచేస్తుంది. మార్ఫిన్‌లో సుమారు మూడో వంతు మాత్రమే అతుక్కుంటుంది. మెథడోన్, ఫెంటనిల్‌లలో ఎక్కువ భాగం అతుక్కునే ఉంటుంది. ఈ రెండూ ముఖ్యంగా ఆల్ఫా-1 ఆమ్ల గ్లైకోప్రోటీన్ అనే మాంసకృత్తుకు అతుక్కుంటాయి. క్యాన్సర్‌లో, వాపు జబ్బులలో ఈ మాంసకృత్తు పెరుగుతుంది. కాబట్టి రక్తంలో మొత్తం మందు ఎంత ఉందో కొలిచినంత మాత్రాన అది ఎంత పనిచేస్తుందో చెప్పలేం. రోగికి నొప్పి తగ్గిందా, మగత పెరిగిందా, శ్వాస సరిగా ఉందా అన్నవి చూసి మోతాదు నిర్ణయించాలి.

4.5 కాకతాళీయంగా కలిసి రావటం

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక జిల్లా ప్రజలను పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. 50 ఏళ్ళు దాటినవారిలో 100 మందికి సుమారు ముగ్గురిలో, ఏ జబ్బు లక్షణమూ లేకుండానే కొద్దిపాటి ఎం-ప్రోటీన్ ఉంది. ఇలాంటివారిలో ఏడాదికి 100 మందిలో ఒకరికి అది మైలోమాగానో, అలాంటి జబ్బుగానో మారుతుంది. మిగిలినవారికి క్రమం తప్పని పరీక్షలు చాలు. పెద్ద వయసులో మోకాళ్ళ నొప్పులూ ఎక్కువే. కాబట్టి నొప్పి మందు వాడే వేలమందిలో కొందరికి ఎం-ప్రోటీన్ ఉండటంలో వింత లేదు. కాకి వాలటం, తాటిపండు పడటం ఒకేసారి జరిగాయి, అంతే.

పాఠంలోని ప్రశ్నలు – 2

(1) హెపటైటిస్-సి వైరస్‌ను ఏ సంవత్సరంలో గుర్తించారు?
(2) మలబద్ధకం, మగత మందు వల్లే కాక మరి దేనివల్ల రావచ్చు?

5. రిపోర్టు చేతికి వచ్చినప్పుడు ఏంచేయాలి?

చేసి చూడండి: ఒక కాగితం తీసుకుని మూడు తేదీలు వరుసగా రాయండి.

(అ) నొప్పి మొదలైన తేదీ
(ఆ) మందు మొదలైన తేదీ
(ఇ) మాంసకృత్తుల తేడా మొదటిసారి కనిపించిన తేదీ

పాత రక్తపరీక్షల రిపోర్టులు ఉంటే తీసి, మందు మొదలుపెట్టక ముందు అంకె ఎంతో చూడండి. అప్పటికే తేడా ఉంటే మందు కారణం కాదని తేలికగా తెలిసిపోతుంది. పాత రిపోర్టులను పారేయకూడదనటానికి ఇది మంచి కారణం.

ఈ కాగితంతో డాక్టరు దగ్గరకు వెళ్ళి మీరు వాడే మందులన్నీ చెప్పండి. సొంతంగా కొన్న మాత్రలు, నాటు మందులు కూడా దాచకండి. ఓపియాయిడ్‌ను మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి. చాలా రోజులు వాడి ఒక్కసారిగా ఆపితే నొప్పి తిరగబెట్టడమే కాక వణుకు, చెమటలు, విరేచనాలు, నిద్రలేమి వస్తాయి. ఆపవలసి వస్తే డాక్టరు మోతాదును కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

నడుము నొప్పితోపాటు కింది వాటిలో ఏదైనా ఉంటే ఆలస్యం చేయకండి: రాత్రిపూట పెరిగే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గటం, రక్తహీనత, మాటిమాటికీ జ్వరం, కొద్దిపాటి దెబ్బకే ఎముక విరగటం. కాళ్ళలో బలం తగ్గినా, మలమూత్రాలపై అదుపు తప్పినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

6. మీరు నేర్చుకున్నది

• రక్తంలోని ముఖ్యమైన మాంసకృత్తులు ఆల్బుమిన్, గ్లోబ్యులిన్లు.
• గ్లోబ్యులిన్లు వెడల్పుగా పెరిగితే సాధారణంగా అంటువ్యాధిని, కాలేయ వ్యాధిని వెతకాలి. సన్నని శిఖరంలా పెరిగితే ప్లాస్మాకణాల జబ్బును వెతకాలి.
• నొప్పి మందు కొన్ని మార్పులు తేవచ్చు. కాని చాలాసార్లు అసలు కారణం సూదితో వచ్చిన క్రిమి గాని, నొప్పిని పుట్టించిన జబ్బు గాని అవుతుంది.
• ఏది ముందు వచ్చిందో తేల్చకుండా కారణం చెప్పకూడదు.
• మందును హఠాత్తుగా ఆపకూడదు. రిపోర్టును నిర్లక్ష్యం చేయకూడదు.

7. పాఠాంత ప్రశ్నలు

(1) హెరాయిన్‌ను సూదితో ఎక్కించుకునేవారిలో ఐజిఎం పెరగటానికి గల కారణాలను వివరించండి.
(2) మైలోమా రోగి విషయంలో నొప్పి మందే కారణమనే అపోహ ఎలా కలుగుతుంది?
(3) మీ ప్రాంతంలో "ఫలానా మందు వల్ల ఫలానా జబ్బు వచ్చింది" అని వినిపించే ఒక మాటను తీసుకోండి. ఈ పాఠంలోని ఐదు అవకాశాలతో దానిని పరిశీలించి పది వాక్యాలు రాయండి.

8. పాఠంలోని ప్రశ్నలకు జవాబులు

ప్రశ్నలు – 1: (1) కాలేయం. (2) 5.4 గ్రాములు.

ప్రశ్నలు – 2: (1) 1989. (2) రక్తంలో కాల్షియం పెరగటం వల్ల.